ఓబర్‌డోర్ఫ్‌కు బ్రెజిల్‌ను గడువుగా పెట్టొద్దు

2024–25 సీజన్‌లో బయర్న్ మ్యూనిక్ మహిళల ఫుట్‌బాల్ జట్టు జర్మన్ లీగ్‌నూ జర్మన్ కప్‌నూ రెండింటినీ గెలుచుకుంది. ఆ జట్టు అంతకు ముందు వేసవిలో ఏరికోరి తెచ్చుకున్న జర్మనీ మిడ్‌ఫీల్డర్ లేనా ఓబర్‌డోర్ఫ్ మాత్రం ఆ విజయాల్లో ఒక్క నిమిషం కూడా మైదానంలో లేదు. బయర్న్‌లో చేరిన కొద్ది రోజులకే, 2024 జులై 16న, హనోవర్‌లో ఆస్ట్రియాతో యూరో (ఐరోపా దేశాల చాంపియన్‌షిప్) అర్హత మ్యాచ్ ఆడుతుండగా ఆమె కుడి మోకాలిలోని ప్రధాన లిగమెంట్ (ఏసీఎల్) తెగిపోయింది. పారిస్ ఒలింపిక్స్‌లో జర్మనీ తొలి మ్యాచ్‌కు అప్పటికి మిగిలింది తొమ్మిది రోజులే. ఏడాదికి పైగా ఓపిక పట్టి తిరిగొచ్చిన ఆమెకు 2025 అక్టోబర్‌లో కొలోన్ జట్టుతో లీగ్ మ్యాచ్‌లో అదే మోకాలు మళ్లీ దెబ్బతింది.

ఈ కథను ప్రతిభ, దురదృష్టం అనే రెండు మాటలతో ముగించడం తేలిక. అయితే ఓబర్‌డోర్ఫ్ కెరీర్‌ను మొదటి నుంచి చూస్తే, ప్రతి మలుపునూ ముందుకొచ్చే టోర్నీ తేదీయే నిర్ణయించిందన్న సంగతి కనిపిస్తుంది. ఈసారైనా, అంటే 2027లో బ్రెజిల్‌లో జరిగే ప్రపంచకప్ విషయంలోనైనా, ఆ అలవాటు మానకపోతే నష్టం ఆమె ఒక్కదానిదే కాదు.

2001 డిసెంబర్‌లో గేవెల్స్‌బర్గ్‌లో పుట్టిన ఆమె, 2018లో ఎస్సెన్ సీనియర్ జట్టులోకి వచ్చేదాకా అబ్బాయిలతోనే ఆడింది. ఆ మరుసటి ఏడాదే, 2019 జూన్ 8న, ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచకప్‌లో చైనాపై సబ్‌స్టిట్యూట్‌గా దిగింది. అప్పటికి ఆమె వయసు 17 ఏళ్ల 171 రోజులు. జర్మనీ తరఫున ప్రపంచకప్ ఆడిన అతి పిన్న వయస్కురాలిగా బిర్గిట్ ప్రింజ్ పేరిట ఉన్న రికార్డు ఆ రోజు చెరిగిపోయింది. 2020లో ఎస్సెన్ జర్మన్ కప్ తుది పోరులో వోల్ఫ్స్‌బర్గ్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది. ఆ వేసవిలోనే ఆమె వోల్ఫ్స్‌బర్గ్‌కు మారి, అక్కడ నాలుగేళ్లలో ఒక లీగ్ టైటిల్, వరసగా నాలుగు కప్‌లు అందుకుంది. 2022 యూరో తుది పోరులో వెంబ్లీలో 87,192 మంది ప్రేక్షకుల మధ్య జర్మనీ అదనపు సమయంలో 1–2తో ఇంగ్లండ్ చేతిలో ఓడినా, టోర్నీ ఉత్తమ యువ క్రీడాకారిణి పురస్కారం ఆమెకే దక్కింది. అదే ఏడాది ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాలర్‌కు ఇచ్చే బాలన్ డోర్ ఓటింగ్‌లో ఇరవయ్యేళ్లకే నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ నాలుగో స్థానం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆమెకంటే పైన ఉన్న స్పెయిన్ క్రీడాకారిణి అలెక్సియా పుటెయాస్, బెత్ మీడ్, సామ్ కెర్ ముగ్గురూ గోల్స్ పట్టికలో తరచూ కనిపించేవారే. ఓబర్‌డోర్ఫ్ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్, జర్మన్లు ఆరో నంబర్ అని పిలిచే స్థానం. ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల్లోని డిఫెండర్లు) దాడికి వెళ్లినప్పుడు వెనక ఖాళీని కాయడం, గాల్లోంచి వచ్చిన బంతి తలకు తగిలి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం, ఎదురుదాడి మొదలైన చోటే దాన్ని అడ్డుకోవడం ఆ స్థానంలో ఉన్నవారి పని. అది సజావుగా సాగితే ప్రేక్షకుడికి ఏమీ జరగనట్టే ఉంటుంది. 2023లో ఐరోపా క్లబ్‌ల చాంపియన్స్ లీగ్ తుది పోరులో వోల్ఫ్స్‌బర్గ్ 2–0 ఆధిక్యం చేజార్చుకుని బార్సిలోనా చేతిలో 2–3తో ఓడినప్పుడు, స్కోరు సమం చేసిన రెండు గోల్స్‌నూ రెండు నిమిషాల తేడాలో కొట్టింది అవతలి జట్టు ఆరో నంబర్ పాత్రి గిహారోనే. ఆ స్థానంలో ఉన్నవారిని కాసేపు వదిలేస్తే ఏమవుతుందో ఆ రాత్రి తెలిసింది.

ఆ పనికి మోకాలే ఆధారం. పరుగును ఒక్కసారిగా ఆపడం, ఒంటికాలిపై తిరగడం, దిశ మార్చడం, గాల్లోకి లేచి దిగడం, అవతలి మనిషి బరువును కాచుకుంటూ బంతి లాక్కోవడం ఈ స్థానంలో రోజువారీ వ్యవహారం. ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఇలాంటి కదలికల్లోనే, చాలాసార్లు ఎవరూ తాకకుండానే జరుగుతాయి. మహిళల్లో ఈ గాయం పురుషులతో పోలిస్తే కనీసం రెండు రెట్లు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. 2024లో అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో, ఇంగ్లండ్ ఆటగాళ్ల సంఘం, నైకీ, లీడ్స్ బెకెట్ విశ్వవిద్యాలయం కలిసి ఈ విషయంపైనే ఒక పరిశోధన ప్రాజెక్టు మొదలుపెట్టాయి. హార్మోన్లు, ఎముకల అమరిక, పురుషుల పాదాలకు కొలిచి చేసిన బూట్లు అంటూ చర్చ చాలా జరుగుతోంది. మ్యాచ్‌ల క్యాలెండర్ గురించి మాత్రం, నా ఉద్దేశంలో, జరగాల్సినంత జరగడం లేదు. 2022లో యూరో, 2023లో ప్రపంచకప్, 2024లో ఒలింపిక్స్, 2025లో మళ్లీ యూరో: నాలుగు వేసవులు వరసగా పెద్ద టోర్నీలే. వాటి మధ్యలోకి కొత్తగా ఐరోపా జాతీయ జట్ల నేషన్స్ లీగ్ కూడా వచ్చి చేరింది. ఈ ఒక్క మోకాలిని క్యాలెండరే తెంపిందని ఎవరూ రుజువు చేయలేరు. కానీ విశ్రాంతి కోసం ఒక వేసవిని వదులుకునే హక్కు క్రీడాకారిణికి ఉందని ఈ క్యాలెండర్‌లో ఎక్కడా కనిపించదు.

జర్మనీ ఆమె లేకుండా కుప్పకూలలేదు, అది ఒప్పుకోవాలి. పారిస్‌లో స్పెయిన్‌పై 1–0తో కాంస్యం గెలిచింది. 2025 యూరోలో అదే స్పెయిన్ చేతిలో సెమీస్‌లో అదనపు సమయం దాకా పోరాడి ఓడింది. ఎలీసా జెన్స్, స్యూకే న్యుస్కెన్ మధ్యభాగాన్ని నిలబెట్టారు. ఆమెను తొందరపెట్టకపోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు. ఇంకో విశేషం, ఆ కాంస్య పోరులో పెనాల్టీ గోల్ కొట్టిన, బయర్న్‌లో ఓబర్‌డోర్ఫ్ సహచరి అయిన జూలియా గ్విన్ అప్పటికే రెండుసార్లు ఏసీఎల్ గాయం నుంచి తిరిగొచ్చిన మనిషి. రెండోసారి గాయమంటే కెరీర్ ముగిసినట్టేనన్న మాటకు బయర్న్ డ్రెస్సింగ్ రూమ్‌లోనే జవాబుంది.

అయితే తిరిగి ఆడటం వేరు, మునుపటిలా ఆడటం వేరు. 2022 జులైలో ఏసీఎల్ తెగిన అలెక్సియా పుటెయాస్ దాదాపు పది నెలలకు మైదానంలోకి వచ్చింది, 2023 ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ ఉంది. కానీ ఆ టోర్నీలో ఆమె పూర్తి స్థాయి పుటెయాస్ కాదు. ఆ ఏడాది చివర్లో అదే మోకాలికి మళ్లీ శస్త్రచికిత్స జరిగింది. స్పెయిన్ ఆటకు ఆమె మళ్లీ ఇరుసుగా మారడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇక ఓబర్‌డోర్ఫ్ విషయంలో మొదటిసారి తొందర జరిగిందని కూడా అనలేం. తొమ్మిది నెలల లోపు తిరిగి ఆడితే ప్రమాదం పెరుగుతుందని వైద్యులు చెబుతారు. ఆమె అంతకంటే చాలా ఎక్కువ కాలమే ఆగింది. అయినా తెగింది. చిన్న వయసులో ఒకసారి గాయపడి, మళ్లీ అదే తరహా ఆటకు వెళ్లేవారికి రెండో గాయం ముప్పు ఎక్కువన్నది తెలిసిన విషయమే కాబట్టి, ఈసారి నెలల లెక్క ఒక్కటే చాలదు.

2027 జూన్ 24న బ్రెజిల్‌లో ప్రపంచకప్ మొదలవుతుంది. జర్మనీ కోచ్ క్రిస్టియన్ వ్యూక్ జట్టు ప్రకటించే రోజు దగ్గరపడే కొద్దీ ఆమె వస్తుందా రాదా అన్న ప్రశ్న పత్రికల్లో మోగుతూనే ఉంటుంది. బయర్న్‌లో సగం సీజన్ పాటు, వారానికి ఇన్ని నిమిషాలని లెక్కగట్టి ఆడించాకే ఆమె పేరు పరిశీలిస్తామని వ్యూక్ ముందే ప్రకటిస్తే ఆ ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. బ్రెజిల్‌కు వెళ్లకపోయినా ఆమెకు పోయేది ఒక టోర్నీ. 2029 యూరో జర్మనీలోనే జరుగుతుంది, అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. పుటెయాస్ తొలి బాలన్ డోర్ అందుకున్నది ఆ వయసులోనే.