కారు గ్రిల్‌కి రంగు వేయడం చివరి రోజు పని

నిన్న రాత్రి మళ్లీ అలాంటి వీడియోనే కనపడింది. పాత కారు, ముందు వైపు గాలి వెళ్లే జాలీ ఉంటుందే, ఆ గ్రిల్ వెలిసిపోయింది. ఒకబ్బాయి స్ప్రే డబ్బా ఊపి నాలుగుసార్లు అటూ ఇటూ కొట్టాడు. పాట మారేసరికి గ్రిల్ నల్లగా నిగనిగలాడుతోంది. కింద అందరూ "అన్నా, ఏ డబ్బా, ఎంత?" అని అడిగేవాళ్లే. రంగు కింద ఏం చేశావని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట నేనూ ఆ ప్రశ్న అడగకుండానే డబ్బా కొనుక్కొచ్చాను.

మాది విజయవాడ. నాన్న 2008లో కొన్న వ్యాగన్ ఆర్ ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరో స్కూటర్ తిప్పుతూ తగిలించారు. గ్రిల్‌లో ఒక అడ్డపట్టీ విరిగింది, లోగో పక్కన బీట పడింది. ఆటోనగర్‌లో అడిగితే కంపెనీది ఇప్పుడు లేదు, డూప్లికేట్ ఇస్తామన్నారు. తెచ్చి పెట్టి చూస్తే హెడ్‌లైట్‌కీ దానికీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. తిరిగి ఇచ్చేశాను.

పక్క ఫ్లాట్ అంకుల్ "దీనికింత ఆలోచన ఎందుకు బాబూ, ముందు ఒక స్టీల్ గార్డు బిగించెయ్, విరిగింది కనపడదు" అన్నారు. వద్దండీ అన్నాను. అలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు బంపర్ నలిగి దెబ్బ కొంత తాను తీసుకోవాలి. ముందు ఇనప కడ్డీ ఉంటే ఆ దెబ్బంతా ఎదురొచ్చిన మనిషికి తగులుతుంది. విరిగిన పట్టీ దాచుకోవడానికి రోడ్డు మీద నడిచేవాళ్ల కాళ్లు విరగ్గొట్టాలా?

సరే, ఇంట్లోనే చేద్దామనుకున్నాను. ఆదివారం పొద్దున గ్రిల్ విప్పాను. విరిగినచోట సూపర్ గ్లూ, దాని మీద లప్పం, అంటే పుట్టీ, మధ్యాహ్నం గీకుడు, సాయంత్రానికి నల్ల రంగు. చుట్టూ ఉన్న క్రోమ్ అంచు మీద కూడా అదే డబ్బాతో కొట్టేశాను. వారం రోజులు చూసినవాళ్లంతా బాగుందన్నారు. తర్వాత ఓ రోజు కారు కడుగుతుంటే క్రోమ్ మీది రంగు ఉల్లిపొరలా చేతికొచ్చింది. మే నెల ఎండలకి లప్పం కూడా వెంట్రుకంత సన్నగా చీలింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చంగా అదే.

ఆ గ్రిల్‌ని సంచిలో పెట్టుకుని ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి కార్లకు పెయింటింగ్ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అక్కడ అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. ఆయన రంగు వైపు చూడనే లేదు. గ్రిల్ వెనక్కి తిప్పి, బొటనవేలితో మట్టి తుడిచి, అచ్చులో ఉన్న చిన్న అక్షరాలు చూపించాడు. ఏబీఎస్. "ముందు ఇది చదవాలి నాన్నా. ఏ ప్లాస్టికో తెలియకుండా మందేస్తే ఎట్లా?"

ఏబీఎస్ అంటే పిల్లలు ఆడుకునే లెగో ముక్కల ప్లాస్టిక్. అసిటోన్ అనే ద్రావకంలో కరుగుతుంది. పాత ఏబీఎస్ తునకలు గాజు సీసాలో వేసి, అసిటోన్ పోసి, మూత పెట్టి ఒక రాత్రి ఉంచితే గడ్డపెరుగులా అవుతుంది. బీటలో అది నింపితే ఆరాక ప్లాస్టిక్‌లో ప్లాస్టిక్‌గా కలిసిపోతుంది. బంపర్లు ఎక్కువగా పీపీతో, అంటే పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాన్ని అసిటోన్ కరిగించలేదు. రంగు అంటుకోవడానికి ముందు వేసే అడ్హెషన్ ప్రమోటర్ కొట్టకపోతే దాని మీద రంగే సరిగా నిలవదు. వీడియోల్లో మాత్రం అన్నిటికీ ఒకటే డబ్బా.

రెండోసారి ఆయన చెప్పినట్టే చేశాను. పాత లప్పమంతా గీకేసి, బీట వెనకవైపు సన్నటి గాడి తీసి, సోల్డరింగ్ ఐరన్‌తో స్టేప్లర్ పిన్నులు ఒక్కొక్కటే అడ్డంగా కరిగించి లోపలికి దించాను. గాయానికి కుట్లు వేసినట్టు ఉంటుంది చూడటానికి. ఆ పొగ మంచిది కాదు, టెర్రస్ మీద గాలి వాటం చూసుకుని చేశాను. బలం ఇచ్చేది ఆ కుట్లే. లప్పం పని ఎగుడుదిగుడు సరిచేయడం, అంతే. దాన్ని జిగురు అనుకోవడమే నేను చేసిన తప్పు. పైగా రేకు మీద పెట్టే మామూలు పుట్టీ బిరుసు. ప్లాస్టిక్ వంగుతుంది, అది వంగదు, చీలుతుంది. ప్లాస్టిక్ కోసం వేరే పుట్టీ ఉంటుంది, అదే అడిగి తెచ్చుకోవాలి.

లప్పం గట్టిపడటానికి కలిపే హార్డనర్ కొలత బాబాయ్ చేత్తోనే చూపించాడు. నిమ్మకాయంత లప్పానికి బఠాణీ గింజంత. తూకంలో వందకు రెండు పాళ్లు. మన ఎండలకి మూడు నాలుగు నిమిషాల్లో బిగుసుకుంటుంది, అందుకే కొంచెం కొంచెమే కలుపుకోవాలి. తొందరగా ఆరాలని ఎక్కువ కలిపితే మిగిలిన హార్డనర్ తర్వాత పై రంగులోకి ఊరి మచ్చలా తేలుతుంది. ఇంకోటి, పైన ఇంకా ఏ పూతా పడని లప్పం మీద నీళ్లు పోసి రుద్దకూడదు. అందులో టాల్క్ పొడి ఉంటుంది, నీళ్లు పీల్చుకుని ఎన్నాళ్లకో బుడగలు లేపుతుంది. పొడిగా 180 నంబరు గరుకు కాగితం, తర్వాత 320. రంగు కింద వేసే ప్రైమర్ పూత పడ్డాకే, నీళ్లతో రుద్దే 600 వాటర్ పేపర్.

ఆ రుద్దే పని దగ్గరే నాకు అసలు విషయం అర్థమైంది. సమంగా వచ్చిందనుకుని తీసుకెళ్లి చూపించాను. బాబాయ్ పలచటి బనీను గుడ్డ ఒకటి పట్టీ మీద పరిచి, "కళ్లు మూసుకో, గుడ్డ మీద నుంచి వేళ్లు పోనియ్" అన్నాడు. కంటికి కనపడని గుంట వేలికి తగిలింది. బీట ఉన్నచోట కొద్దిగా దిగి, లోగో దగ్గర మళ్లీ లేచింది. నాలుగుసార్లు నింపి నాలుగుసార్లు రుద్దాను. అయిదోసారి వేళ్లు ఎక్కడా ఆగలేదు. ఆ సంతోషం ఏ షోరూమ్‌లోనూ దొరకదు.

క్రోమ్ సంగతి కూడా అంతే. అది ప్లాస్టిక్ మీద రాగి, నికెల్, క్రోమియం పొరలు ఎక్కించిన పూత. అద్దంలాంటి దాని మీద రంగుకి పట్టు దొరకదు. మెరుపంతా చచ్చేదాకా రుద్ది, సరైన ప్రైమర్ వేస్తేనే ఉంటుంది. అసలే పొర లేచిపోయిన క్రోమ్ అయితే ప్లాస్టిక్ దాకా గీకాల్సిందే. డ్యాష్‌బోర్డు పాలిష్ జిడ్డు ఒక్క చుక్క మిగిలినా రంగు అక్కడ చేపకన్నులా విడిపోతుంది. గిన్నెల సబ్బుతో కడగండి.

మొత్తం తొమ్మిది సాయంత్రాలు పట్టింది. అందులో రంగు కొట్టింది నలభై నిమిషాలు కూడా ఉండదు. ఆ నలభై నిమిషాలే చూపించి మిగతాదంతా దాచేస్తున్నారు. నా బాధ అదే. చూసిన పిల్లలు డబ్బులు పెట్టి, చేసి, ఊడిపోయాక "మనకి చేతకాదు" అనుకుని వదిలేస్తున్నారు. చేతకాక కాదు, చెప్పక.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి నడుస్తోంది. ఎలక్ట్రిక్ కారు లుక్ అంటూ పెట్రోల్ కార్ల గ్రిల్ సందులన్నీ షీటు పెట్టి, లప్పం పూసి మూసేస్తున్నారు. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ లేదు కాబట్టి పైన అంత గాలి అక్కర్లేదు. మన కారులో గ్రిల్ వెనక ఏసీ కండెన్సర్, దాని వెనక ఇంజిన్‌ని చల్లబరిచే రేడియేటర్ ఉంటాయి. వాటికి గాలి అందించడానికే గ్రిల్ పుట్టింది. మే నెలలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడితే ముందు ఏసీ వేడిగాలి కొడుతుంది, తర్వాత టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ఎక్కుతుంది. కొత్త కార్లలో కొన్నిటికి ముందు లోగో వెనకే, ఎదురుగా ఏముందో పసిగట్టే రాడార్ ఉంటుంది. దాని మీద లప్పం, మెటాలిక్ రంగు పూస్తే ఆటోమేటిక్ బ్రేకుకి కళ్లు పొడిచినట్టే. దయచేసి సందులు మూయకండి.

రంగు మీద మెరుపు కోసం హార్డనర్ కలిపి కొట్టే టూకే క్లియర్ కోట్ కూడా ఇంట్లో వద్దు. అందులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆస్తమా తెప్పిస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. బాబాయ్ ఇన్నేళ్లుగా ముక్కుకి చేతిరుమాలు కట్టుకునే కొడుతున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గుతాడు. ఆవిర్లను వడగట్టే కాట్రిడ్జ్ మాస్కు కొని తీసుకెళ్లి ఇచ్చాను. ఉక్కపోస్తుంది నాన్నా అంటూనే పెట్టుకున్నాడు. కారు యజమానులు పెయింటింగ్ బిల్లు దగ్గర వంద రూపాయలకి బేరమాడే ముందు ఆ షెడ్డులో పది నిమిషాలు నిలబడి చూడాలి.

మా కింద ఫ్లాట్ కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు. ఇందాక మెట్ల దగ్గర కలిసి, "అన్నా, మా నాన్న స్విఫ్ట్ గ్రిల్ కూడా బీట పడింది, ఏ డబ్బా తెచ్చుకోమంటావు?" అన్నాడు. డబ్బా ఇప్పుడే వద్దురా, ఆదివారం గ్రిల్ విప్పుకుని పైకి రా, ముందు వెనకాల ఏం రాసుందో చూద్దాం అన్నాను.