ఓనరుగారి అయస్కాంతం

మా పచ్చళ్ల యూనిట్ ఓనరుగారి జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా అయస్కాంతం మాత్రం ఉంటుంది. పాత స్పీకర్లోంచి ఊడదీసిన నల్లబిళ్ల. స్టీలు కనిపిస్తే చాలు, దాన్ని ఆనించి చూడాల్సిందే. అతుక్కుంటే ఇనుము, జారితే ఒరిజినల్. లోహశాస్త్రం మొత్తం ఆయనకు ఈ రెండు ముక్కలే.

మామిడికాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో నిలవుంచడానికి పెద్ద ట్యాంకు కావాల్సొచ్చింది. మొదట వచ్చిన ఫ్యాబ్రికేటరు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలుకి రేటు చెప్పి, వెల్డింగు చేసిన ముక్కొకటి శాంపిల్‌గా చూపించాడు. బిళ్ల ప్లేటు మీద జారింది. వెల్డు గీత మీదికొచ్చేసరికి సుతారంగా పట్టుకుంది.

"ఏమయ్యా, నాకే ఇనుము అంటగడతావా?"

"వెల్డులో కాస్త ఫెరైట్ ఉంటుందండీ, అయస్కాంతానికి అంటుకునే రకం స్టీలు. పగుళ్లు రాకుండా కావాలనే..."

"ఫెరైటూ లేదు గిరైటూ లేదు, పదవయ్యా!"

రెండోవాడు ఘటికుడు. చదును ముక్క తెచ్చాడు. బిళ్ల సర్రున జారింది. రేటూ తక్కువే. ఎందుకుండదూ, అది 202! నికెల్ తగ్గించి మాంగనీసు పోసిన సరుకు. అయస్కాంతం కంటికి 202, 304, 316 రేకులన్నీ ఒకటే. ఉప్పుకి మాత్రం తేడా బాగా తెలుసు. స్టీలు మీది క్రోమియం పొరని ఉప్పులోని క్లోరైడు పొడుస్తుంది. దాన్ని కాస్త అడ్డుకునేది 316లో ఉండే 2-3 శాతం మాలిబ్డినం. అయినా ఉప్పూ పులుపూ కలిసి నెలల తరబడి కూర్చుంటే 316కీ చెమటలు పడతాయి. అందుకే ఫుడ్‌గ్రేడు ప్లాస్టిక్ డ్రమ్ములు చాలండీ అని చెప్పి చూశాను. "చూడ్డానికొచ్చే పార్టీలకి మెరుపు కనపడాలి కదయ్యా" అన్నారు.

మెరిసింది, వానాకాలం దాకా. ఆ తర్వాత ఓ పొద్దున ట్యాంకు కింద నేల తడి. పైన గోధుమరంగు చుక్క. గోటితో గీకితే గుండుసూది దూరేంత కన్నం. ముక్కలన్నీ బిందెల్లోకి తోడి, ట్యాంకు కడిగి, వెల్డరు దాన్ని పూడ్చాడు. వారం తిరక్కుండా పక్కనే ఇంకోటి, దానికి జానెడు దూరంలో మరోటి.

"పూడ్చడం దండగండీ. ఇంకో నాలుగు పొడిస్తే బూందీ దూసుకోవచ్చు" అన్నాడు వెల్డరు, ముఖం మీది అద్దం పైకెత్తి.

ఓనరుగారు కోపంతో ఊగిపోతూ ట్యాంకు అమ్మినవాడికి స్పీకరు ఫోను పెట్టారు. అవతలివాడు తిట్లన్నీ ఓపిగ్గా విన్నాడు.

"సార్, అతుక్కోని స్టీలు కావాలన్నారు, ఇచ్చాను. ఇప్పుడైనా పెట్టి చూడండి, అతుక్కుంటోందా?"