విడిచిన బట్టల శాస్త్రం

చిన్నప్పుడు అన్నయ్యకి పొట్టైపోయిన చొక్కాలన్నీ నాకు దిగేవి. అవి వేసుకోమంటే నేను చేసిన రాద్ధాంతం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, ఒకసారైతే మంచం కింద దూరి చీకటిపడే దాకా బయటికి రాలేదంట, చివరికి చీపురు పెట్టి లాగారంట. అలాంటి నేను ఇవాళ ముక్కూ మొహం తెలియని ఎవడో పెద్దమనిషి 50 ఏళ్ళ కింద విడిచేసిన కోటు కోసం సెలవురోజు పొద్దున్నే లేచి, మూసున్న షట్టర్ ముందు నిలబడి, నాకంటే ముందొచ్చిన నలుగుర్ని ఆస్తి తగాదాలో దాయాదుల్ని చూసినట్టు చూస్తున్నా. "ఊరికే ఇస్తే ఏడ్చావు, ఇప్పుడు డబ్బులిచ్చి కొంటున్నావు, నీకెక్కడో తేడా కొట్టింది రా" అని అన్నయ్య తీర్మానం. ఇది తేడా కాదు, ఇదొక శాస్త్రం, దీనికో చరిత్రా క్రమశిక్షణా ఉన్నాయని నిరూపించడానికే ఈ వ్యాసం. అన్నయ్య కూడా చదువుతాడని ఆశ. చదవడు.

ముందు పరిభాష. మామూలుగా ఈ లైన్లో ఉన్నవాళ్ళు 20 ఏళ్ళు దాటిన బట్టని వింటేజ్ అంటారు, 100 దాటితే యాంటిక్. ఇప్పుడే కుట్టి పాతదానిలా కనపడేట్టు చేసింది రెట్రో, దాన్ని మేం లెక్కలోకి తీసుకోం, దాన్ని వేసుకున్నవాళ్ళని కూడా. అసలు వింటేజ్ అన్న మాట ద్రాక్షకోత నుంచి వచ్చింది, వైన్ ఏ ఏటి పంటదో చెప్పడానికి వాడేవాళ్ళు. వైన్ పాతబడితే రుచి పెరుగుతుందంటారు, మరి చంక కింద చెమట మరక పాతబడితే ఏమవుతుందో ఈ మాటని బట్టల్లోకి తెచ్చినవాడు ఆలోచించినట్టు లేడు. 20 ఏళ్ళ లెక్క ప్రకారం నా బీరువా అడుగునున్న రెండు బనియన్లకి కూడా ఈ ఏటితో అర్హత వచ్చేసింది. మా ఆవిడ వాటిని మసిగుడ్డలంటోంది. పండితుల్లో అభిప్రాయభేదాలు సహజమే.

సెకండ్‌హ్యాండ్‌కీ వింటేజ్‌కీ తేడా ఏంటని చాలామంది అడుగుతారు. కుప్పగా పోసుంటే సెకండ్‌హ్యాండ్. అదే చొక్కా చెక్క హ్యాంగర్‌కి ఒంటరిగా వేలాడుతూ పైనుంచి పసుపు లైటు పడుతుంటే వింటేజ్. చిరుగుంటే చిరుగు అనకూడదు, క్యారెక్టర్ అనాలి.

ఇక వెతకడం. ఇందులో ఉన్న సుఖం తెలియనివాళ్ళు కళ్ళతో వెతుకుతారు, మేం వేళ్ళతో వెతుకుతాం. ర్యాక్ ఈ చివర నిలబడి, ఎటో చూస్తూ, ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచిస్తున్నవాడిలా మొహం పెట్టి, చేత్తో మాత్రం ఒక్కో చొక్కా చేతి గుడ్డా నిమురుకుంటూ పోవాలి, పాలిస్టర్, పాలిస్టర్, పాలిస్టర్, మళ్ళీ పాలిస్టర్, ఆగు. వేలికింద కొంచెం గరుకుగా, బరువుగా, ఊపిరున్నదానిలా ఏదో తగిలింది. అప్పుడు గుండె దడదడలాడుతుంది గానీ మొహంలో తెలియనివ్వకూడదు, పక్కోడు పసిగట్టాడంటే వాడి చెయ్యి కూడా అక్కడికే వస్తుంది. దాన్ని కాస్త అసహ్యంగా బయటికి లాగి, ఇంకేదో చెత్త చొక్కా ఒకటి పైన కప్పి, చంకలో పెట్టుకుని, నింపాదిగా మూలకి నడవాలి. పరిగెత్తకూడదు. నేను మొదట్లో పరిగెత్తేవాణ్ణి, అనుభవం లేక.

మూలకి వెళ్ళాక బట్టని తిరగేయాలి. జాతకమంతా లోపలివైపే ఉంటుంది. ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ అమెరికాలో 1972 నుంచి తప్పనిసరి, కాబట్టి అక్కడి బట్టలో ఆ లేబుల్ లేదంటే అంతకంటే పాతదని మనసు గంతులేస్తుంది. లేదా ఎవరో మెడ దగ్గర దురదపుట్టి కత్తిరించి పారేసుంటారు, ఈ రెండో అవకాశం గురించి మేం ఎక్కువ ఆలోచించం. ఆడవాళ్ళ గౌన్లలో ఐఎల్‌జీడబ్ల్యూయూ అనే కార్మిక సంఘం లేబుల్ కనపడితే, ఆ సంఘం 1995లో ఇంకోదానిలో కలిసిపోయింది కాబట్టి గౌను దానికి ముందుది. టీషర్టు అయితే చేతి అంచున కుట్టు ఒకటా రెండా చూడాలి, అమెరికా టీషర్టులకి 90ల మధ్య దాకా ఎక్కువగా ఒకే వరస కుట్టు ఉండేది. రెండు వరసలు కనపడితే మావాళ్ళు ఆ టీషర్టుని పురుగుని దులిపినట్టు దులిపి పక్కన పడేస్తారు. రెండు కుట్లుంటే గట్టిగా ఉంటుంది కదా అని ఒకాయన అడిగాడు. ఆయన్ని మళ్ళీ మాలో కలవనివ్వలేదు.

జిప్ సంగతి వేరే చెప్పాలి. 1960ల్లో నైలాన్ జిప్పులు విరివిగా రావడంతో లోహపు జిప్పులు మెల్లగా వెనక్కిపోయాయి, అందుకని లోహపు జిప్ కనపడితే బట్ట గౌరవం ఒక మెట్టు పైకి. అది సగంలో ఇరుక్కుపోతే రెండు మెట్లు, ఎందుకంటే ఎవరూ మార్చలేదని, ఒరిజినలేనని రుజువు. దీనికి చిట్కా కూడా ఉంది, పెన్సిల్ ములుకుని పళ్ళ మీద రుద్దితే జారుతుంది. కాకపోతే ట్రయల్ రూమ్‌లో మన దగ్గర పెన్సిల్ ఉండదు. ఒక పాత ప్యాంటులో నేను ఇరవై నిమిషాలు బందీగా ఉండి, చివరికి కర్టెన్ సందులోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి, ఎవరో పుణ్యాత్ముడి దగ్గర పెన్సిల్ అడిగి తీసుకున్నా. ఆయన లోపల లెక్కలేవో వేసుకుంటున్నా అనుకున్నట్టున్నాడు, రబ్బరు కూడా ఇచ్చాడు.

జీన్స్ అయితే ఇంకో లోకం. గనుల్లో, పొలాల్లో పనిచేసేవాళ్ళకి జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని జేకబ్ డేవిస్ అనే దర్జీ జేబు మూలల్లో రాగి రివెట్లు కొట్టాడు, గుడ్డ అమ్మే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంట్ తీసుకున్నాడు. వెనక జేబు రివెట్లు కుర్చీలకి గీతలు పెడుతున్నాయని జనం మొత్తుకుంటే 1937లో వాటిని గుడ్డ కింద దాచారు, 1966లో అసలు తీసేశారు. జేబు పక్కన చిన్న ఎర్ర ట్యాగ్ ఉంటుంది చూడండి, దాని మీద లీవైస్ అన్న కంపెనీ పేరులో ఇంగ్లీషు ఇ అక్షరం 1971 దాకా క్యాపిటల్, తర్వాత స్మాల్. ఈ ఒక్క అక్షరం మీద ధర ఎన్నో రెట్లు తేడా వస్తుంది. బడిలో క్యాపిటల్ ఎక్కడ స్మాల్ ఎక్కడ అని నా వేళ్ళ మీద స్కేలుతో కొట్టిన మాస్టారికి ఇంత దూరదృష్టి ఉందని అప్పుడు తెలీదు. గని కార్మికుడు మోకాళ్ళ మీద పాకడానికి కుట్టిన ప్యాంటు అది, ఇప్పుడు దాన్ని కొన్న మా మిత్రుడు మోకాళ్ళ దగ్గర సాగుతుందని కూర్చోడు. రెండు గంటల మీటింగ్ నిలబడే విన్నాడు.

వీటన్నిటికంటే నాకు కన్నీళ్ళు తెప్పించేది సీసీ41 ముద్ర. యుద్ధంలో గుడ్డకి కటకటైపోయి 1941లో బ్రిటన్ బట్టలకి రేషన్ పెట్టింది, పొదుపుగా కుట్టిన యుటిలిటీ బట్టల మీద ఈ ముద్ర వేసింది, ఆ ముద్ర 1952 దాకా నడిచింది. జేబులెన్ని, మడతలెన్ని, గుండీలెన్ని అన్నీ సర్కారువారి లెక్కే, మగవాళ్ళ ప్యాంటు కింద అంచు మడత కూడా కొన్నాళ్ళు నిషేధం, దానికి జనం పొడుగు ప్యాంటు కొనుక్కుని ఇంట్లో గుట్టుగా మడత కుట్టుకునేవాళ్ళంట. అంటే గత్యంతరం లేక, తిట్టుకుంటూ వేసుకున్న బట్టలు. వాటికోసం ఇవాళ మేం గత్యంతరం బోలెడంత ఉండి కూడా కొట్టుకుంటున్నాం, "అబ్బ, ఏం మినిమలిజం" అని మురిసిపోతున్నాం. జేబు లేని కోటు వేసుకుని ఫోను చేత్తో పట్టుకుని తిరుగుతున్నాం.

సైజులు అడక్కండి. లేబుల్ మీద నంబరు నమ్మినవాడు చెడిపోయాడు, 1950ల 12 సైజు గౌను ఇవాళ 12 వేసుకునే మనిషికి భుజాల దగ్గరే ఆగిపోతుంది, కంపెనీలు మన ఆనందం కోసం కొలతలు పెంచుకుంటూ నంబర్లు తగ్గించుకుంటూ వచ్చాయి. అందుకని టేపు పట్టుకెళ్ళాలి. నేను పట్టుకెళ్తా, కొలుస్తా, సరిపోదని తెలుసుకుంటా, కొంటా.

పాతవన్నీ ఇంత చిన్నగా ఎందుకున్నాయి, అప్పటి మనుషులంతా పిచ్చుకలా అని ఒకరోజు అన్నయ్య దగ్గర వాపోయా. నా పొరపాటే. అన్నయ్య పేపరు మడిచి, "రేయ్, నా చొక్కాల్లో నాకు నచ్చినవి నీకెప్పుడైనా వచ్చాయా? నచ్చినవి నేనే వేసుకుని వేసుకుని చింపేవాణ్ణి. బిగుతుగా ఉన్నవీ, గుచ్చుకునేవీ, రంగు నచ్చనివీ, అవే శుభ్రంగా మిగిలి నీకొచ్చేవి. ఈ పాత బట్టలూ అంతేగా" అన్నాడు. శాస్త్రం చదవనివాళ్ళ మాటలు ఇలాగే మొరటుగా ఉంటాయి. నేను జవాబివ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర లేదు కూడా, కాస్త ఆలోచిస్తే సరిపడ్డ బట్టని మనిషి అరిగేదాకా వేసుకుంటాడు, తర్వాత అది గుడ్డపేలికైపోతుంది, సరిపడనిదే మడత నలక్కుండా మనదాకా వస్తుంది. కానీ ఆ మాట ఈ వ్యాసంలో వద్దు.

కాపాడుకోవడం గురించి రెండు ముక్కలు. మా శత్రువు చిమ్మట. బంగారు రంగులో, గోరంత కూడా ఉండదు. నిజానికి రెక్కల చిమ్మట ఏమీ తినదు, దానికి తినే నోరే లేదు, ఉన్ని తినేది దాని పిల్ల పురుగులు, అందులోనూ చెమట మరకలున్న చోటంటే ప్రాణం. పైగా కళ్ళముందు ఎగిరేది చాలావరకు మగదే, ఆడది బీరువాలో చీకట్లో పాక్కుంటూ తన పని తాను చేసుకుపోతుంటుంది. అంటే మనం చప్పట్లు కొడుతూ సోఫా ఎక్కి దిగి ఎవణ్ణయితే తరుముతున్నామో వాడికి ఈ కేసుతో పెద్దగా సంబంధం లేదు. మా ఇంట్లో ఒక రాత్రి పదకొండింటికి ఈ తరమడం జరిగింది, మా ఆవిడ లేచొచ్చి, లైటేసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా లైటార్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత స్వెటర్లన్నీ కవర్లలో కట్టి ఫ్రీజర్లో పెట్టా, గడ్డకట్టే చలికి పురుగులూ గుడ్లూ చస్తాయి. ఫ్రీజర్లో ఇప్పుడు ఇంకేదీ పట్టదు. కలరా ఉండలు కూడా వేశా, దాంతో మా ఇంట్లో అందరం మిగతా మనుషుల కంటే ఓ 40 ఏళ్ళు పాత వాసన వస్తున్నాం.

ఇక ఆ కోటు. మొదట్లో చెప్పిన కోటే. ముదురు బూడిద రంగు ఉన్ని, లోపల లైనింగ్ చెయ్యి పెడితే నీళ్ళలా జారుతోంది, కొమ్ము గుండీలు, గుండీ కాజాలు చేత్తో కుట్టినవి. అంచు లోపలినుంచి ఒక దారప్పోగు లాగి కాల్చి చూశా, జుట్టు కాలిన కంపు కొట్టింది, అంటే అసలైన ఉన్ని, పాలిస్టరైతే కరిగి ముద్దకట్టేది. ఇల్లంతా జుట్టు కాలిన కంపు నింపి అంత ఆనందపడ్డవాణ్ణి మావాళ్ళు ఎప్పుడూ చూళ్ళేదంట. ఒంటికి కూడా సరిగ్గా పట్టింది. ఎక్కడా అరగలేదు, మోచేతుల దగ్గర కూడా కొత్తదానిలా ఉంది, ఇంత బాగా ఎలా మిగిలిందబ్బా అని పొంగిపోయా. మొదటిరోజు వేసుకుని బయటికెళ్ళి పది నిమిషాలు కాకముందే మెడ దగ్గర చీమలు పాకినట్టుంది. అరగంటకి చొక్కా కాలర్ దాటి వీపు మీదకి దిగింది. చరిత్ర బరువు ఇలాగే ఉంటుందని సర్దుకున్నా. ఇంటికొచ్చి, లోపలి జేబులో చిన్న జేబు ఒకటుంటే అందులో వేలు పెట్టా, నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి తగిలింది. పెన్సిల్‌తో రాసుంది.

"మెడ దగ్గర బాగా గుచ్చుకుంటోంది. ఎవరికైనా ఇచ్చెయ్యండి."

ఇలాంటిదాన్ని మాలో ప్రొవెనెన్స్ అంటారు, అంటే వస్తువు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చెప్పే ఆధారం, దొరకడం మహా అదృష్టం. చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచా. కోటుని ఇంకో నాలుగుసార్లు వేసుకున్నా, లోపల మఫ్లర్, దాని లోపల హైనెక్ బనియన్, అయినా లాభం లేదు.

మొన్న ఆదివారం అన్నయ్య వచ్చాడు. నేను బీరువా తీసి, కోటు బయటికి తీసి, భుజాలు పట్టుకుని దులిపి, ఎంతో ఆప్యాయంగా "అన్నయ్యా, ఇది నీకు బ్రహ్మాండంగా ఉంటుంది, నీ కోసమే ఉంచా, వేసుకో" అన్నా.

అన్నయ్య కోటు వంక చూశాడు. నా మెడ మీద ఎర్రటి దద్దుర్ల వంక చూశాడు. తర్వాత మంచం వంక చూశాడు.