మా అమ్మ నడిపే మల్టీఫ్యామిలీ

నలభై ఏళ్ళుగా మా అమ్మ నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక మల్టీఫ్యామిలీ అసెట్ నడుపుతోంది. ఆ సంగతి ఆమెకి తెలియదు. మేమందరం దాన్ని అయిదు పోర్షన్ల ఇల్లు అనుకుంటూ వచ్చాం. 2022 సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా తమ్ముడు పెరట్లో మునగచెట్టు కింద ల్యాప్‌టాప్ తెరిచి వివరించాక గానీ మా అజ్ఞానం లోతు మాకు అందలేదు.

వాడు అప్పటికే టెక్సాస్‌లో ఒక సిండికేషన్‌లో చేరి ఉన్నాడు. అంటే, వందమంది తలా కొంత వేసుకుని పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఒకటి కొంటారు. అద్దెలు వస్తాయి. అయిదేళ్ళకి అమ్మేస్తారు. అందరూ బాగుపడతారు. అక్కడ ఇళ్ళని ఇళ్ళు అనరు, డోర్లు అంటారు. "రెండొందల డోర్లన్నా" అని వాడు గొంతు తగ్గించి చెప్తుంటే, కిటికీ రెక్క సరిచేస్తున్న కార్పెంటర్ పని ఆపి, "టేకు అక్కడిదేనా సార్, మనం పంపాల్నా?" అని అడిగాడు.

వాడి ప్రతిపాదన సింపుల్. ఈ పాత ఇల్లు అమ్మేసి ఆ డబ్బు అందులో పెట్టాలి. అమ్మ అంతా విని, "అది సరే అబ్బయ్యా, ఆ రెండొందల ఇళ్ళకి మోటారు ఎవురేస్తారు?" అంది. మేనేజ్‌మెంట్ కంపెనీ ఉంటుందన్నాడు. "వాళ్ళు ఆడనే కాపురం ఉంటారా?" ఉండరన్నాడు. "పోనీ నువ్వు పోయి చూసొచ్చినావా?" ఫొటోలు చూశానన్నాడు. అమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇలాంటి ప్రశ్నలు అడిగే మన ప్రాంతం ఇట్టా ఉండిపోయిందని నా దృఢాభిప్రాయం. అందుకే అమ్మ తరఫున ఈ శాస్త్రాన్ని నేనే అధ్యయనం చేశాను.

ఇందులో రెండు కులాలు. డబ్బు పెట్టేవాడు లిమిటెడ్ పార్ట్‌నర్. నడిపేవాడు జనరల్ పార్ట్‌నర్. లిమిటెడ్ అంటే పెట్టినంతవరకే పోతుంది, అంతకుమించి పోదు అని అర్థం. ఈ ముక్క ధైర్యం చెప్పడానికి అంటారు. జనరల్ పార్ట్‌నర్‌కి మా వాడి కాగితాల ప్రకారం కొన్న రోజున ధరలో 2 శాతం, ఏటా వసూలైన అద్దెల్లో 2 శాతం, అమ్మిన రోజున లాభంలో 30 శాతం. కొంటే కూలి, ఉంచుకుంటే కూలి, అమ్మితే కూలి. మా అమ్మ నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తనకి తాను అసెట్ మేనేజ్‌మెంట్ ఫీజు వేసుకోలేదంటే ఆమె వెనకబాటుతనం మీకే అర్థమవుతుంది.

లిమిటెడ్ వాళ్ళకి 8 శాతం ప్రిఫర్డ్ రిటర్న్ ఉంటుంది, అంటే లాభం వస్తే పెట్టినదాని మీద ఏటా 8 శాతం ముందు వాళ్ళకి. ప్రిఫర్డ్ అంటే గ్యారంటీ అనుకునేరు. కాదు. పెళ్ళి పందిట్లో మొదటి బంతిలో ఆకు వేశారని అర్థం, అంతే. వడ్డన సంగతి వంటవాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇక క్యాప్ రేట్. ఏడాది అద్దెల్లోంచి ఖర్చులు పోను మిగిలింది ఇంటి ధరలో ఎంత శాతమో అదే క్యాప్ రేట్. మా ఇంటికి తమ్ముడు లెక్క కట్టాడు. పోర్షన్‌కి ఏడు వేల చొప్పున ఏడాదికి 4 లక్షల 20 వేలు, ఇంటి పన్ను, మోటారు రిపేర్లు, సెప్టిక్ ట్యాంకు లారీ పోను 3 లక్షల 60 వేలు, ఇల్లు కోటిన్నర. "2.4 అన్నా" అన్నాడు, క్రియాటినిన్ రిపోర్ట్ చూసిన డాక్టర్ మొహం పెట్టి. పైగా అద్దె ఇల్లు ఇరవై ఏడున్నర ఏళ్ళలో అరిగిపోతుందని అమెరికా పన్ను చట్టం. ఆ లెక్కన మా ఇల్లు మాయమై పన్నెండున్నర ఏళ్ళు అవుతోంది. అందులో అయిదు కుటుంబాలు ఎలా ఉంటున్నాయో ఆ చట్టమే చెప్పాలి.

పాత కాంప్లెక్స్ కొని, కిచెన్ అల్మారాలకి రంగులేసి, కుళాయిలు మార్చి అద్దె పెంచితే దాన్ని వాల్యూ యాడ్ అంటారట. మా అమ్మ ఉగాదికి సున్నం వేయించి రెండొందలు పెంచితే మాత్రం మూడో పోర్షన్ వాళ్ళు దోపిడీ అన్నారు.

ఈ వాటాలు ఎవరికి పడితే వాళ్ళకి అమ్మకూడదని కూడా అక్కడ చట్టం ఉంది. 506బి అని ఒక నియమం. ప్రకటనలు ఇవ్వకూడదు, ముందునుంచీ గట్టి పరిచయం ఉన్నవాళ్ళకే అమ్మాలి. ఇది రాసినవాళ్ళకి నెల్లూరు జిల్లా తెలియదు. "మీదే ఊరండీ?" "కావలి." "కావల్లో ఎవరి తాలూకా?" మూడో ప్రశ్నకల్లా మేనత్త తోడికోడలు బయటపడుతుంది. అయిదో నిమిషానికి అది పూర్వజన్మ పరిచయం. 2013 నుంచి 506సి కూడా వచ్చింది. దాని కింద బాహాటంగా ప్రచారం చేసుకోవచ్చు, కాకపోతే చేరేవాళ్ళంతా అక్రెడిటెడ్ అయి ఉండాలి. ఏడాదికి 2 లక్షల డాలర్ల పైన ఆదాయం, దంపతులిద్దరికీ కలిపి 3 లక్షల పైన, లేదా ఉంటున్న ఇల్లు కాకుండా, అప్పులు పోను 10 లక్షల డాలర్ల పైన ఆస్తి ఉంటే మీరు అక్రెడిటెడ్. తెలివితేటలు అడగరు. పోయినా తట్టుకుంటారా అనే చూస్తారు.

అసలు కథ అప్పు దగ్గరుంది. లెక్క తేలిగ్గా ఉండేలా చెప్తాను. ఖర్చులు పోను ఏడాదికి 10 లక్షల డాలర్లు మిగిలే కాంప్లెక్స్‌ని 4 శాతం క్యాప్ రేట్ మీద కొన్నారనుకోండి. ధర రెండున్నర కోట్ల డాలర్లు. అందులో మూడు వంతులు, అంటే కోటీ 87 లక్షలు, బ్రిడ్జ్ లోన్, అంటే కొద్ది ఏళ్ళ గడువున్న తాత్కాలిక అప్పు. వడ్డీ బజారుతోపాటు పైకీ కిందికీ పోతుంది. 3.5 శాతం ఉన్నప్పుడు ఏడాదికి ఆరున్నర లక్షలు కడితే సరిపోయేది. మా వాడు మునగచెట్టు కింద ఉపన్యాసం ఇచ్చిన రెండు నెలలకే, 2022 మార్చిలో, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. పదకొండుసార్లు పెంచి 2023 జూలై 26కి 5.25–5.50 శాతానికి తెచ్చింది. లోన్ వడ్డీ 8.8 అయిందనుకుంటే కట్టాల్సింది పదహారున్నర లక్షలు. వచ్చేది 10.

కొనేవాళ్ళు 4 శాతం క్యాప్ రేట్‌కి మొహం చాటేసి 5.5 అడగడం మొదలుపెడితే అదే కాంప్లెక్స్ ధర కోటీ 82 లక్షలు. అప్పుకన్నా తక్కువ. ఎవరూ దొంగతనం చేయలేదు. ఒక్క కుటుంబం ఖాళీ చేయలేదు. స్విమ్మింగ్ పూల్‌లో నీళ్ళు కూడా అట్టాగే ఉన్నాయి. వందమంది డబ్బు మాత్రం లేదు. ఇంత శుభ్రంగా డబ్బు పోయే విధానం మన చిట్టీలలో ఈనాటికీ రాలేదు. ఇక్కడ కనీసం ఒక మనిషి పారిపోవాలి.

వడ్డీ పెరిగితే ఆదుకోవడానికి రేట్ క్యాప్ అని ఒక ఇన్సూరెన్స్ లాంటిది కొంటారు. అది రెండేళ్ళకో మూడేళ్ళకో గడువు తీరుతుంది. సరిగ్గా అవసరం వచ్చేసరికి తీరుతుంది. మళ్ళీ కొనబోతే ధర చెట్టెక్కి ఉంటుంది. అప్పుడొచ్చేదే క్యాపిటల్ కాల్. మా వాడికి ఒక ఉత్తరం వచ్చింది. పంపిణీలు తాత్కాలికంగా ఆపుతున్నాం, ఇంకో 25 వేల డాలర్లు వేయండి, వేయకపోతే మీ వాటా పలచబడుతుంది అని. పాలు పలచబడటం తెలుసు గానీ వాటా పలచబడటం నేను వినలేదు. పాలల్లో అయితే నీళ్ళు వాళ్ళే పోసుకుంటారు. ఇక్కడ మనల్నే తెచ్చి పొయ్యమంటున్నారు.

ఈ ఉత్తరాల భాష చాలా పెద్దమనిషి తరహాలో ఉంటుంది. దాన్ని చూసి ఉత్సాహం వచ్చి మా అమ్మ తరఫున కూడా ఇన్వెస్టర్లకి, అంటే నాకూ తమ్ముడికీ, ఒక నివేదిక రాశాను. "ఈ త్రైమాసికంలో ఆక్యుపెన్సీ నూటికి నూరు. రెండో పోర్షన్ వారు చుట్టాలని దింపినందున నీటి వినియోగం పెరిగింది. ఉదయం మోటారు పావుగంట అదనంగా వేయడమైనది. మునక్కాయల మీద మూడో, నాలుగో పోర్షన్ల మధ్య వివాదం యాజమాన్యం పరిశీలనలో ఉంది. అప్పు లేదు." చదివి వినిపిస్తే అమ్మ, "ఆ వివాదం తేలిపోయిందిలే, కాయలన్నీ నేనే కోసేసినా" అంది.

ఆ 2023 జూలై చివర్లోనే మా ఊళ్ళో రొట్టెల పండగ. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె తీసుకోవాలి; మన కోరిక తీరితే మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఇచ్చేవాడి కోరిక తీరిందో లేదో మోకాళ్ళలోతు నీళ్ళలో మొహమ్మొహం చూసుకుని అడగొచ్చు. తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నా కోసం ఒక రొట్టె తీసుకో" అన్నాడు. ఇల్లు రొట్టెనా అన్నాను. ఇల్లు వద్దన్నాడు.

చెరువులో అన్ని పక్కలా కేకలు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. తడిసిన చీర కుచ్చిళ్ళు ఎగదోపుకున్న ఒక పెద్దామె, "నీకేం రొట్టె కావాలబ్బయ్యా?" అంది.

"అమెరికాలో వడ్డీలు తగ్గే రొట్టె ఉందామ్మా?"

ఆమె ఎగతాళి చేయలేదు. చేతిలో గుడ్డ మూట విప్పి చూసింది, పక్కనున్న కోడల్ని అడిగింది.

"అది లేదు నాయనా. ఆరోగ్యం రొట్టె ఉండాది, తీసుకోపో. ఆ పిల్లోడికి టెన్షన్ ఎక్కువై ఉంటది."