సవరణ: ఫ్లోమీటర్ బంతి చూపించని లీకు

వెల్డింగ్ టార్చ్ ట్రిగ్గర్ వదిలాక ఫ్లోమీటర్‌లో (సిలిండర్ నుంచి గ్యాస్ ఎంత పారుతోందో చూపే మీటర్) బంతి అడుక్కి దిగిపోతే గ్యాస్ లీకు లేనట్టేనని గత పోస్టులో రాశాను. అది తప్పు. బంతికి తెలిసేది తన తర్వాత గొట్టంలోనో టార్చ్‌లోనో పోయే గ్యాస్ మాత్రమే, అదీ కాస్త పెద్ద లీకైతేనే. మీటర్‌ని సిలిండర్‌కి బిగించే నట్టు దగ్గర పోయేది అసలు బంతి దాకా రాదు.

మీటర్లతో వచ్చే సూచనల్లో ఉన్న పద్ధతి ఇది: ఫ్లో నాబ్ తెరిచే ఉంచి, టార్చ్ ముట్టుకోకుండా సిలిండర్ వాల్వ్ కట్టేయండి. పది నిమిషాల్లో ప్రెషర్ గేజ్ ముల్లు దిగితే లీకున్నట్టే. అప్పుడు వాల్వ్ తెరిచి, ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు పూసి బుడగలు చూడండి. భీమవరం వైపు చెరువుగట్ల మీద ఏరేటర్ (చెరువు నీళ్లకి గాలి పట్టించే యంత్రం) ఫ్రేములు వెల్డింగ్ చేసేవాళ్లు ముందు నట్టు దగ్గరే చూడాలి. సిలిండర్ మార్చినప్పుడు అక్కడ దుమ్మూ మట్టీ చేరొచ్చు.