కైజర్ కట్టెలు కొట్టింది పొట్టకూటికి కాదు
పదవి పోయాక జర్మనీ కైజర్ (చక్రవర్తి) రెండో విల్‌హెల్మ్ హాలండ్‌లో కట్టెలు కొట్టుకుంటూ దిక్కులేనివాడిలా బతికాడని ఆయన మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఉద్యోగం పనిమీద అక్కడ ఉన్నప్పుడు డోర్న్‌లోని ఆయన ఇల్లు చూశాను, ఇప్పుడది మ్యూజియం. 1918 నవంబర్‌లో సరిహద్దు దాటొచ్చి కొన్నాళ్లు అమెరోంగెన్‌లో ఒక జమీందారు ఇంట్లో తలదాచుకున్నాడు, 1920లో ఈ ఇంటికి మారాడు. జర్మనీలోని ప్యాలెస్‌ల నుంచి సామాను 59 రైలు వ్యాగన్లలో వచ్చిందట. మనకి ఇల్లు మారాలంటే ఒక్క లారీకే టెన్షన్! రాతబల్ల ముందు కుర్చీ బదులు గుర్రపు జీను ఉంటుంది, దాని మీద కూర్చుని రాసేవాడు. ఇంకోటి, ఒక అంచు కత్తిలా పదునుగా ఉన్న ఫోర్క్. పుట్టుకతోనే ఎడమ చెయ్యి సరిగా పనిచేయకపోవడంతో ఒంటిచేత్తో తినడానికి చేయించుకున్నది. అది చూసినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. చెట్లు నరకడమంటారా, అది కాలక్షేపం. అసలు మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక కుదిరిన వెర్సైల్స్ ఒప్పందంలోని 227వ అధికరణం ప్రకారం విచారణ ఎదుర్కోవాల్సిన మనిషి. డచ్చివాళ్లు అప్పగించం అని భీష్మించుకోబట్టి బయటపడ్డాడు. 1940లో పారిస్ జర్మన్ సేనల చేతికి చిక్కగానే హిట్లర్‌కి అభినందన టెలిగ్రాం కొట్టిన సంగతి వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదేం? రాచరికం తిరిగొస్తేనే తన శవాన్ని జర్మనీకి తీసుకెళ్లాలన్నాడు. 1941లో పోయాడు, సమాధి ఇప్పటికీ ఆ తోటలోనే ఉంది.