ఓడితే క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కనిపిస్తాడా?

2024 నవంబర్ 30న అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓహియో స్టేట్ యూనివర్సిటీ జట్టు సొంత మైదానంలో 13-10తో మిషిగన్ చేతిలో ఓడింది. పాస్‌లు విసురుతూ దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ విల్ హోవార్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే అతను విసిరిన బంతి రెండుసార్లు ప్రత్యర్థుల చేతికి చిక్కింది, నిజమే. మరి బంతిని తన్ని పాయింట్లు తెచ్చే ఫీల్డ్ గోల్స్ రెండు మిస్సయిన మాటేమిటి? మిషిగన్ డిఫెన్స్ గోడలా నిలబడిన చోటికే, మధ్యలోకే, మళ్లీ మళ్లీ బంతి పట్టుకుని పరుగెత్తే ప్లేలు పంపింది కోచ్‌లు కాదా? ఆ జట్టు సొంత ఊరు కొలంబస్‌లో మా ఆఫీసులో వారమంతా ఒకటే గోల: "వాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టాలి!" ఆఖరికి అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో కూడా ఇదే చర్చ. వినలేక ఒళ్లు మండిపోయేది. కాలేజీ కుర్రాడండీ అతను!

ఏడు వారాల తర్వాత నోటర్ డేమ్‌తో ఫైనల్లో అతని మొదటి 13 పాస్‌లూ సహచరుల చేతికి చేరాయి. 34-23తో జాతీయ టైటిల్ వచ్చింది. వెంటనే అవే నోళ్లు "మావాడు" అన్నాయి. ఆ వారం తిట్టినందుకు ఒక్కరైనా సారీ అన్నారా?